ఎస్తేరు తిరిగిన చుట్టు

యాసంగి వడ్లు ఆరబోతకు రోడ్డెక్కే రోజుల్లో కామారెడ్డి, ఎల్లారెడ్డి మధ్య స్కూటీ మీద తిరగడమంటే సగం దారి రోడ్డు మీద, సగం దారి కల్లంలో పోవడమే. మొన్న సాయంత్రం బడి నుంచి ఇంటికి వస్తుంటే లింగంపేట దాటాక ఉన్నట్టుండి గాలి లేచింది. వడ్ల కుప్పల మీద కప్పిన టార్పాలిన్లు అంచుల మీది రాళ్ళను తోసుకుని పైకి లేచి టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. రైతులు ఉరుకులు పరుగుల మీద వాటిని పట్టుకుంటున్నారు. నేను స్కూటీ ఆపి అక్కడే నిలబడిపోయాను. ముక్కులోకి వడ్ల దుమ్ము పోతోంది, కళ్ళు మండుతున్నాయి, అయినా కదలబుద్ధి కాలేదు. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. పడవ ముక్కు నేరుగా గాలికి ఎదురు తిరిగినప్పుడు తెరచాప చేసే చప్పుడు అది. అది వినపడిందంటే పడవ ఆగిపోయిందనే అర్థం. ఎస్తేరక్క అనేది: "చప్పుడు జేసే తెరచాప పడవను నడ్పది పిల్లా. నడిపేది గప్‌చుప్ ఉంటది."

ఎస్తేరక్కను మీరు చూసి ఉండరు. చూసినా కామారెడ్డిలో ఏ చౌరస్తా దగ్గరో ఫ్లెక్సీ మీద చూసి ఉంటారు. ఆ ఫ్లెక్సీలో ముఖం ఒక్కటే ఆమెది. ఒళ్ళు ఎవరిదో, పడవ ఎక్కడిదో దాన్ని కొట్టిన మహానుభావుడికే తెలియాలి. పడవకు రెండు తెడ్లు కూడా పెట్టాడు. పందెంలో ఏనాడూ తెడ్డు ముట్టని మనిషి ఆమె. మోటారు లేకుండా, తెడ్డు లేకుండా, ఒక చేత్తో చుక్కాని, ఇంకో చేత్తో తెరచాప తాడు పట్టుకుని ఒంటరిగా ఉత్త గాలితో పరుగెత్తే ఆట ఆమెది. నాగిరెడ్డిపేట పక్కన, పోచారం ప్రాజెక్టు నీళ్ళతో నాట్లు వేసుకునే ఒక ఊరి నుంచి బయలుదేరి, ఆ ఆటలో ఒలింపిక్స్ దాకా వెళ్ళింది.

వెళ్ళడం ఒక ఎత్తు, ఏం చేయడానికి వెళ్ళిందో ఇక్కడివాళ్ళకు చెప్పడం ఇంకో ఎత్తు. చేపలు పడతావా అని అడిగినవాళ్ళు ఉన్నారు. పుష్కరాలకు మమ్మల్ని అవతలి ఒడ్డుకు దాటిస్తావా అన్నవాళ్ళు ఉన్నారు. ఒక సభలో ఆమెను ఈత ఛాంపియన్ అని పరిచయం చేసి, ఆమె కాదన్నా వినకుండా ఈదుతున్న అమ్మాయి బొమ్మ చెక్కిన షీల్డు చేతిలో పెట్టారు. ఎస్తేరక్కకు చప్పట్లకు ఎన్నడూ కొదవ రాలేదు. కొట్టేవాళ్ళకు ఎందుకు కొడుతున్నామో తెలియకపోవడమే కొదవ. అది ఆమెను లోపల తొలిచేది. పతకాల గురించి ఆమె మాట్లాడగా నేను పెద్దగా వినలేదు గానీ, ఈ మాట మాత్రం ఎన్నోసార్లు విన్నాను: "నేను చేసేదేందో మా వూరికి ఒక్కపారి తెల్వాలె. గంతే."

మా ఇద్దరికీ ఐదారేళ్ళు తేడా. మాది కామారెడ్డి. మా బాపుకు టార్పాలిన్ల దుకాణం ఉంది. మా దగ్గర వాటిని తాటిపత్రులు అంటారు. గురుకులం హాస్టల్లో చదువుతున్నప్పుడు హైదరాబాద్ నుంచి కొందరు వచ్చి, నీళ్ళంటే భయం లేని ఆడపిల్లలను ఎంచుకుని హుస్సేన్‌సాగర్‌లో పడవలు నేర్పిస్తామన్నారు. నేను ఎగిరి గంతేశాను. మా బాపు నెత్తి కొట్టుకున్నాడు. వానకు తాటిపత్రి అడ్డం పెట్టుకుని మనం బతుకుతుంటే, నువ్వు తాటిపత్రి కట్టుకొని నీళ్ళల్లకే పోతనంటవేందని ఆయన బాధ. అంతకు కొన్నేళ్ళ ముందే ఎస్తేరక్క కూడా ఇలాగే హాస్టల్ నుంచి వెళ్ళింది. నేను చేరేసరికి దేశంలో పేరున్న ఆటగత్తె. ఎండకు మాడి, ఉప్పు నీళ్ళకు జుట్టు గోధుమ రంగుకు తిరిగి, మొదటిరోజు ఒడ్డున కూర్చుని ఏదో తాడు పేనుతూ కనిపించింది. నా యాస విని తలెత్తింది. ఏ వూరని అడిగింది. చెప్పాను. అబ్బో, పట్నపోళ్ళు అని వెక్కిరించింది. నీళ్ళలో పడ్డాక పట్నమేంది, పల్లె ఏంది అని తనే జవాబు చెప్పుకుని నవ్వింది. ఆ మధ్యాహ్నమే నేను నీళ్ళలో పడ్డాను, తాగకూడని ఆ నీళ్ళు కడుపునిండా తాగాను కూడా.

కొత్తగా వచ్చిన మాకందరికీ ఒకటే ఆత్రం, పడవను వేగంగా ఉరికించాలని. ఎస్తేరక్క మాకు వేగం నేర్పలేదు. నీళ్ళలో తేలే నారింజ రంగు బుడ్డి ఒకటి ఉంటుంది. బోయ్ అంటాం. పందెంలో దాన్ని చుట్టి రావాలి, కానీ ముట్టుకోకూడదు. పడవ గానీ తాడు గానీ దానికి తగిలితే తప్పు. ఆ తప్పుకు శిక్ష ఏమిటంటే, పక్కకు జరిగి, పడవను ఉన్నచోటే గుండ్రంగా ఒక చుట్టు తిప్పి, అప్పుడు మళ్ళీ పందెంలో కలవాలి. మిగతావాళ్ళందరూ ఆలోపు ముందుకు పోతారు. అసలు సంగతి ఏమిటంటే, ఆ శిక్ష వేసేవాళ్ళు ఎవరూ పక్కన ఉండరు. అంత పెద్ద నీళ్ళలో ఎవరి పడవ ఎక్కడ తగిలిందో చూసేదెవరు? తగిలినవాళ్ళే తమకు తాము ఈల వేసుకోవాలి. ఎస్తేరక్క మాతో మొట్టమొదట చేయించిన సాధన ఆ చుట్టే. పొద్దున లేచింది మొదలు గిర్రున తిరగడమే పని. గానుగెద్దులమైపోయాం. ఒకరోజు నాకు ఒళ్ళు మండింది. పందెం గెలవడం నేర్పకుండా శిక్ష అనుభవించడం నేర్పుతావేంటక్కా అని అడిగేశాను. ఆమెకు కోపం రాలేదు.

"ఎంత గట్టోళ్ళకైనా తప్పు జరుగుతది. నీకు చుట్టు తిరుగుడు సక్కగ రాకుంటె, తిరిగితే మస్తు పోతదని భయపడ్తవు. భయపడి బొంకుతవు. తిరుగుడు చేతనైనోనికి తప్పు ఒప్పుకునుడు భారం గాదు పిల్లా. చేతగానోడే దాపెడ్తడు."

నిజాయితీ గురించి బడిలో చాలా పాఠాలు చదివాను. అదొక గుణమని, పుట్టుకతో ఉండాలని, ధైర్యవంతులకే సాధ్యమని రాసి ఉండేది. అదొక పనితనమని, సాధన చేస్తే వస్తుందని నాకు చెప్పిన మనిషి ఈమె ఒక్కతే. ఆమె తిరిగే చుట్టు చూస్తుంటే మాకు కన్నార్పబుద్ధి కాకపోయేది. ఒళ్ళు అటు వాల్చి, చుక్కాని తోసి, తెరచాప కింద నుంచి ఇటు దూకేది. అంతలోనే పడవ తిరిగి దారిన పడేది. పోయేది రెండు మూడు పడవల దూరమే. అది కూడా మళ్ళీ తెచ్చుకుంటానన్న ధీమా ఆమె ముఖంలో కనిపించేది.

విలేకరులకు మాత్రం ఇవేవీ పట్టేవి కావు. వాళ్ళకు ఒక కథ కావాలి. చిన్నప్పుడు కల్లంలో వడ్లు తూర్పార పట్టేటప్పుడు గాలి వాలు చూసి నేర్చుకుందట, ఆ విద్యే సముద్రం మీద పనికొచ్చిందట! ఆ కథ ఎవరు పుట్టించారో గానీ ప్రతి పత్రికా రాసింది. ఎస్తేరక్కకు అది చదివినప్పుడల్లా చిర్రెత్తేది. తనకు బుద్ధి తెలిసేనాటికే ఊళ్ళోకి కోత మిషన్లు వచ్చాయని, తాను చాట పట్టింది ఎప్పుడో ఒకసారి అని, గాలి చదవడం నేర్పింది ఏళ్ళ తరబడి ఎండలో నిలబెట్టిన కోచ్‌లని చెప్పేది. చెబితే వాళ్ళు అది వదిలేసి మళ్ళీ చాట గురించే అడిగేవాళ్ళు. "వీళ్ళకు నేను గాదు, చాట గావాలె" అని నా దగ్గర వాపోయేది.

నేర్పగా నేర్పగా నేనూ ఆమె పక్కకు వచ్చాను. పక్కకు రావడమంటే ఎదురు నిలవడమే. మా ఆటలో మేం నడిపే రకం పడవకు దేశం మొత్తం మీద ఒలింపిక్స్‌లో ఒక్కటే సీటు. ఆ సీటులో ఎవరు కూర్చోవాలో తేల్చే పోటీలు ముంబై సముద్రంలో పెట్టారు. రేసు మీద రేసు జరిగి, చివరి రేసు నాటికి లెక్క చాలా తేలికైపోయింది. మా ఇద్దరిలో ఎవరు ముందు వస్తే వాళ్ళదే సీటు. ఆ పొద్దున ఇద్దరం ఒకే గదిలో లేచాం, ఒకే ప్లేటులో పోహా తిన్నాం. నా లైఫ్ జాకెట్ పట్టీ వదులుగా ఉంటే ఆమే బిగించింది. "ఇయ్యాల నన్ను అక్కా గిక్కా అనకు. గాలి దిక్కు సూడు" అన్నది.

ఆమె ముందు, వెనకే నేను. చివరి మలుపు దగ్గర అలకు ఆమె పడవ లేచి పడింది. వేలాడుతున్న తాడు కొస ఒకటి, పిల్లి పోతూ పోతూ తోక తగిలించినట్టు, బోయ్‌ను రాసుకుపోయింది. జడ్జీల పడవ చాలా దూరంలో ఉంది. చూసింది నేనొక్కదాన్నే. ప్రొటెస్ట్ అని అరిచి తప్పు పట్టే హక్కు నాకుంది, అరవడానికి నోరు తెరిచాను కూడా. గొంతు పెగిలే లోపే ఆమె పడవ పక్కకు జరిగి చుట్టు మొదలుపెట్టింది. నేను ఆమెను దాటేశాను. ముందు నీళ్ళు తప్ప ఏమీ లేవు. సీటు నాదే! నా ఛాతీలో ఏం జరిగిందో చెప్పడం నా వల్ల కాదు, జాకెట్ పట్టీలు తెగుతాయేమో అనిపించింది.

గాలితో పాటు పోయేటప్పుడు ముందున్నవాళ్ళు కూడా మెడ తిప్పి వెనక్కి చూస్తుండాలి, ఎందుకంటే కొత్త గాలి వచ్చేది వెనక నుంచే. నీళ్ళ మీద నల్లటి మరకలా కదిలివస్తుంది. నేను గెలుపు గీతనే చూస్తూ పోయాను. ఆమె మరకను చూసి అది వచ్చే దారిలోకి జరిగి దాన్ని అందుకుంది. గీత దగ్గర పడుతుండగా నా పక్క నుంచి, తెరచాప చప్పుడు కూడా లేకుండా, గప్‌చుప్‌గా వెళ్ళిపోయింది. పడవ నిడివి అంత తేడా. నేను ఏడుపు ఆపుకోలేక చుక్కాని మీద వాలిపోతే ఆమె తన పడవను నా పడవకు ఆనించి, సీటు గెలిచిన మనిషి అనవలసిన మాట ఒక్కటీ అనకుండా తిట్టడం మొదలుపెట్టింది.

"ఎన్కకు సూడకపోతివేంది? గాలి యాడికెళ్ళి వస్తదో మర్సినవా? నేను తిరుగుతుంటె నువ్వు దూరం పోయి ఉండాలె గద పిల్లా."

ఒడ్డుకు వచ్చాక అడిగాను. ఎవరూ చూడలేదు కదా, నేను అరవను కూడా లేదు, సీటు పోతే ఏమయ్యేదని. అట్ల తెచ్చుకున్న సీటు కూసోనిస్తదా, కింద ముల్లు లెక్క గుచ్చుతుండదా అన్నది. కుళ్ళుకున్నానా అంటే కుళ్ళుకున్నాను, బాగానే కుళ్ళుకున్నాను. కానీ ఒలింపిక్స్‌కు సాధన చేసే నెలల్లో తనతో రోజూ పోటీపడే మనిషి కావాలని ఆమె నన్నే అడిగితే కాదనలేకపోయాను. ఓడించినవాళ్ళ మీద కోపం ఉంటుంది గానీ, తప్పు దిద్దుకుని మరీ ఓడించినవాళ్ళ మీద కోపం నిలబడదు.

ఒలింపిక్స్ రేసులు ఎల్లారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో పెద్ద తెర కట్టి చూపించారు. ఆట తెలిసినదాన్ని కాబట్టి నన్ను పిలిచి చేతికి మైకు ఇచ్చారు. ముందువరసలో ఎస్తేరక్క బాపు, దానయ్య, ఉతికిన తెల్లచొక్కా వేసుకుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. వెనక నుంచి ఎవరో వచ్చి, ఎందుకైనా మంచిదని తెర ముందు కొబ్బరికాయ కూడా కొట్టారు. రేసు మొదలైంది. ఎస్తేరక్క ముందు గుంపులో ఉంది! ఇదిగో మన పడవ, అదిగో మన జెండా అని నేను అరుస్తుంటే హాలంతా నాతో అరుస్తోంది. మలుపు దగ్గర పడవలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డట్టు చేరాయి. ఆ గుంపులోంచి ఆమె పడవ ఒక్కటే పక్కకు వచ్చి గిర్రున ఒక చుట్టు తిరిగింది. నేను అరవడం ఆపేశాను. బోయ్ తగిలిందన్నమాట.

హాలు మాత్రం ఒక్కసారిగా లేచి నిలబడింది. అన్ని దేశాల పడవలు తిన్నగా పోతుంటే మన పడవ ఒక్కటే నీళ్ళు చిమ్ముతూ గిర్రున తిరిగే! అంతకన్న గొప్ప విన్యాసం ఏముంటుంది? ఎల్లారెడ్డిలో దేవుని ఊరేగింపుకైనా, పెండ్లి బరాత్‌కైనా గుర్రాన్ని గుండ్రంగా తిప్పితేనే కదా ఈలలు వేస్తారు. బయట పిలగాండ్లు లడీలకు లడీలు పటాకలు అంటించారు. అది శిక్ష, పటాకలు ఆపండి అని నేను మైకులో గొంతు చించుకున్నాను. ఎవరికి వినపడుతుంది? పొగ కిటికీల్లోంచి లోపలికి వచ్చి అందరూ దగ్గుతూ కళ్ళు తుడుచుకునేసరికి ఎస్తేరక్క చాలామంది వెనక ఉంది. అక్కడి నుంచి మొదలుపెట్టింది ఎక్కడం. ఒక్కో పడవను దాటుతుంటే హాలు ఒక్కో మెట్టు ఎక్కినట్టు ఊగింది. ముగిసేసరికి మళ్ళీ ముందువరసలోకి వచ్చేసింది. అసలు కాల్చాల్సింది అప్పుడు! ఒక్క పటాకా మిగల్లేదు. వంటవాళ్ళ స్టీలు పళ్ళాలు, గరిటెలు తెచ్చి బజాయించారు. నేనూ బజాయించాను. దానయ్య బాపు మాత్రం కూర్చున్నచోటే కూర్చుని, నా బిడ్డ ఎంత సక్కగ తిరిగింది అని పక్కవాళ్ళకు చెప్పుకుంటున్నాడు.

అన్ని రేసుల లెక్కా కలిపితే పతకం రాలేదు. చివరి ఫైనల్‌కు వెళ్ళే గుంపులోకి కూడా రాలేదు. కానీ ప్రపంచంలో మేటి పడవల మధ్య, వెనకబడి కూడా ముందుకు వచ్చిన ఆ ఒక్క రేసు ఆట తెలిసిన ప్రతివాళ్ళనూ ఆమె పేరు అడిగేలా చేసింది. ఫోన్‌లో మాట్లాడినప్పుడు పటాకల సంగతి చెప్పాను. పడీ పడీ నవ్వింది. నవ్వు ఆగాక, "నేనే చెప్త వాళ్ళకు" అన్నది. నేను వద్దన్నాను. ఊరు ఊరంతా ఖుషిగా ఉంది, మీ బాపు ఆ చుట్టు గురించి కనపడినవాళ్ళకల్లా చెబుతున్నాడు, నలుగురిలో ఆయన ఇజ్జత్ ఏం కావాలి అని బతిమాలాను.

"ఖుషి గానీ. దేనికి ఖుషో తెల్వాలె గద" అన్నది.

ఆమె వచ్చిన రోజు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా జీపు మీద ఊరేగించారు. వెనక ట్రాక్టర్లు, ముందు డీజే, మధ్యలో మేము. నన్ను కిందనే వదిలేస్తే ఊరుకోలేదు, చెయ్యి పట్టి పైకి గుంజింది. ఫ్లెక్సీలోని తెడ్లు చూసి, నేనేమన్న బగార అన్నం కలుపుతున్ననా అని నా చెవిలో అంటుంటే నవ్వాపుకోలేక చచ్చాను. లింగంపేటలో ఆడవాళ్ళు బొట్టు పెట్టబోయి, కిరస్తానీ పిల్ల కదా అని ఆగి, గంధం చేతులకు రాశారు. పూలదండల బరువుకు ఆమె మెడ వంగిపోయింది. ఆ రోజంతా ఆమె నవ్వుతూనే ఉంది. నేను మాత్రం సాయంత్రం సభలో ఆ మాట ఎత్తొద్దని దారి పొడవునా ఆమె చెవిలో పోరుతూనే ఉన్నాను.

ఎల్లారెడ్డి మైదానంలో పెట్టిన సభలో మాట్లాడిన పెద్దమనిషి ఒకాయన పటాకల దగ్గరికే వచ్చాడు. ఒలింపిక్స్‌లో అందరూ చూస్తుండగా చక్రం తిరిగినట్టు తిరిగి పరదేశపోళ్ళను పరేషాన్ చేసిన బిడ్డ, ఇంకెవ్వరికైనా చేతనైతదా అని సవాలు విసిరాడు. మైదానం మారుమోగిపోయింది. ఆ చప్పట్లు ఆగకముందే ఎస్తేరక్క లేచి మైకు అందుకుంది.

"అందరికి దండాలు. నేను పతకం తేలే. గా తిరుగుడు గొప్ప గాదు, శిక్ష. నా పడవ బోయ్‌కు తగిలింది. మా ఆటల తప్పు జేసినోళ్ళే తమకు తాము శిక్ష ఏసుకోవాలె. గందుకే తిరిగిన. మీరు పటాకలు కాల్చింది నా తప్పుకు. గిది చెప్పకుండ దండలు ఏసుకుంటె నాకు మంచిగనిపిస్తలేదు."

మైదానం గప్‌చుప్ అయిపోయింది. పెద్దమనిషి భుజం మీది శాలువా సర్దుకున్నాడు. పటాకలు కాల్చిన పిలగాండ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలలు దించుకున్నారు. చెప్పొద్దంటే వినలేదు కదా అని నాకు ఏడుపొచ్చింది. అప్పుడు ముందువరసలోంచి దానయ్య బాపు లేచాడు. జీవితంలో నలుగురి ముందు నోరు విప్పిన మనిషి కాదు. మైకు కూడా లేదు. పొలంలో అవతలి గట్టు మీది మనిషిని అడిగినట్టు గొంతెత్తి బిడ్డను అడిగాడు.

"తగిలింది ఎవ్వలన్న సూసిండ్రా బిడ్డా?"

"సూడలే బాపు."

"సూడకున్నా తిరిగినవా?"

"తిరిగిన."

ఆయన వెనక్కి తిరిగి ఆ పిలగాండ్ల వైపు చూశాడు.

"గట్లయితే పటాకలు సరిగ్గనే కాలినయి" అని కూర్చున్నాడు.

మొదట చప్పట్లు కొట్టింది ఆ పిలగాండ్లే. తర్వాత ఎవరు కొట్టారో, ఎవరు ఆపారో చెప్పలేను. ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. శాలువా సర్దుకున్న పెద్దమనిషి కూడా కొట్టాడు, పాపం గట్టిగానే కొట్టాడు. నేను ఎన్నో సభల్లో ఆమె పక్కన కూర్చున్నాను, చప్పట్లు పడుతున్నప్పుడు ఆమె చూపు ఎక్కడో ఉండేది. ఆ సాయంత్రం మాత్రం వాళ్ళనే చూస్తూ, దండ అంచుతో కళ్ళు తుడుచుకుంటూ నిలబడింది. తర్వాత ఢిల్లీలో పెద్ద పురస్కారమూ వచ్చింది, టీవీలో చూశాను, చక్కటి చీర కట్టుకుంది. కానీ ఆమె గెలిచిన రోజు ఏదంటే నేను ఎల్లారెడ్డి మైదానమే చెబుతాను. ఎందుకు కొడుతున్నారో కొట్టేవాళ్ళకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఇప్పుడామె విశాఖ వైపు సముద్రం మీద ఆడపిల్లలకు నేర్పుతోంది. మొదటి పాఠం ఏమై ఉంటుందో నన్ను అడగక్కర్లేదు. నాకు ఆ సీటు ఎన్నడూ రాలేదు. ఎల్లారెడ్డిలో ఆటల టీచరునయ్యాను. కబడ్డీ నేర్పేటప్పుడు నేను మొదట చేయించేది కూత కాదు, పట్టు కాదు. తగిలితే చెయ్యెత్తి బయటికి నడవడం, అంతే తొందరగా మళ్ళీ లోపలికి రావడానికి సిద్ధం కావడం. మొదట్లో పిల్లలు నవ్వుతారు. నస్రుల్లాబాద్‌లో జరిగిన పోటీల్లో మా బడి పిల్ల ఒకతి రిఫరీ చూడని తాకుడుకు చెయ్యెత్తింది. మేం ఒక పాయింటు పోగొట్టుకున్నాం, ఆట గెలిచాం. పోగొట్టుకున్న పాయింటు గురించే నేను ఇంటికి వచ్చి గొప్పలు చెప్పుకున్నాను.

పోయిన నెలలో స్కూటీ చెడిపోతే బస్సెక్కాను. ఒక స్టేజీ దగ్గర చెయ్యెత్తిన ముసలవ్వను చూసుకోకుండా డ్రైవరు దాటించేశాడు. ఎవరూ గమనించలేదు, అవ్వ కూడా అరవలేదు. కొంచెం దూరం పోయాక ఆయనే బ్రేకేసి, అద్దంలో చూసి, బస్సును వెనక్కి పోనిస్తూ మా వైపు తిరిగి అన్నాడు: "జర ఓపిక పట్టుండ్రి. ఎస్తేరు చుట్టు తిరుగుతున్న."

నా ఒళ్ళు ఝల్లుమంది. సీట్లోంచి లేచి ముందుకు వెళ్ళి, ఎస్తేరంటే ఎవరు అన్నా అని అడిగాను. ఆయనది ఈ ప్రాంతం కాదు, కొత్తగా ఈ రూటుకు వచ్చాడు.

"ఏమో మేడం. గీడ అందరంటరు. తప్పు జేస్తే ఎవ్వలు చెప్పకముందే దిద్దుకునుడన్నట్టు. పాత సామెత గావచ్చు" అన్నాడు.

చెబుదామని నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను. అక్క కోరింది తనెవరో తెలియాలని కాదు కదా, తాను చేసేదేమిటో తెలియాలని. ఆయనకు తెలుసు. అవ్వ బస్సెక్కి నా పక్కన కూర్చుని, ఎందుకు బిడ్డా నవ్వుకుంట ఏడుస్తున్నవు అని అడిగింది. మా అక్క పేరు సామెతైపోయింది అవ్వా అని చెప్పాను.